నొక్కా, సొట్టా?

తిండి, గుడ్డ, గూడు. ఈ మూడూ అమరిన మనిషికి నాలుగోది ఏం కావాలి? ప్రేమా? ఆరోగ్యమా? కాదు! తన టోపీ నెత్తి మీద పల్లం ఎక్కడ పడాలో దాని గురించి ఒక సొంత అభిప్రాయం కావాలి. అది లేని మనిషికీ, మేకుకు వేలాడే కోటుకూ తేడా ఏమిటో మీరే చెప్పండి!

నవ్వకండి. యాభై ఎనిమిదేళ్ళుగా టోపీల ఇంట్లో మసులుతున్నదాన్ని చెబుతున్నాను. మా ఇంటి ముందు గది దుకాణం, వెనక గది వంటిల్లు, మధ్య గది నిండా ఆవిరి. మా మామగారి కాలం నుంచీ ఊళ్ళో అందరికీ టోపీ పెడుతూనే ఉన్నాం. మీరనుకునే టోపీ కాదు లెండి, నిజం టోపీలే. ఉన్నిని దట్టంగా అణిచి చేసిన మంచి ఫెల్టువి.

ఫెల్టు టోపీ పుట్టడం గుండ్రంగానే పుడుతుంది. చెక్క అచ్చు మీంచి దింపినప్పుడు దాని నెత్తి బోర్లించిన గిన్నెలా ఉంటుంది. దాన్ని కెటిల్ మూతి దగ్గర ఆవిరికి పట్టి, మెత్తబడగానే అరచేతి అంచుతో నడుమ ఒక దెబ్బ వేసి, ముందువైపు రెండు వేళ్ళతో గిల్లితే, ఆరాక ఆ ఆకారం అలాగే నిలబడిపోతుంది. ఆ పల్లాన్ని మా ఇంట్లో నొక్కు అంటాం.

సొట్ట అనకూడదు! సొట్ట చెంబుకు పడుతుంది, బిందెకు పడుతుంది. టోపీకి పడేది నొక్కు. మా పిల్లలు చిన్నప్పుడు వీధిలో నేర్చుకొచ్చిన పాడు మాటలు అన్నా విననట్టు ఊరుకునేవాళ్ళం గానీ, టోపీని పట్టుకుని సొట్ట అన్నారో, ఆ పూట భోజనం లేదు.

నొక్కు వేసే పని మా మరిదిది. వెనకటికి ఎలా ఉండేదంటే, మనిషి గుమ్మం ఎక్కగానే మరిది ఒకసారి అతని ముఖం చూసేవాడు, ఒకసారి చెవులు చూసేవాడు. చెయ్యి ఆవిరిలోకి వెళ్ళేది, వచ్చేది. "ఇదిగోండి" అనేవాడు. అయిపోయింది! ఐదు నిమిషాల్లో మనిషి టోపీ పెట్టుకుని వీధిలో ఉండేవాడు.

ఎంత అనాగరికమో చూశారా? నీకేం కావాలి నాయనా అని అతన్ని ఒక్కరూ అడగలేదు. పాపం అతను కూడా ఆ సంగతి గమనించుకోకుండా, బావుందనుకుంటూ ఇరవై ఏళ్ళు పెట్టుకు తిరిగేవాడు!

ఆ చీకటి రోజులు పోయాయి. మా కోడలు దుకాణంలోకి వచ్చింది. చురుకైన పిల్ల, నాకు ప్రాణం. వస్తూనే కౌంటర్ మీద ఒక టాబ్లెట్ నిలబెట్టింది. మింగేది కాదు, వేలితో తోసేది. దాని పైన "మీ నొక్కు, మీ ఇష్టం" అని బోర్డు రాయించింది. అందులో ఇరవై ఆరు నొక్కుల బొమ్మలున్నాయి. పొడుగ్గా దిగేది కాలువ నొక్కు. ముందు సన్నగా, వెనక వెడల్పుగా ఉంటే బొట్టు నొక్కు. చుట్టూ అంచు లేచి మధ్య చదునుగా ఉంటే పళ్ళెం నొక్కు. ఒక్కోదానికీ మళ్ళీ లోతెంత, వాలు ఎటు, గిల్లుడు ఎన్ని వేళ్ళది అని ప్రశ్నలు.

అప్పటినుంచి మా దుకాణం కళకళలాడిపోతోంది. ఐదు నిమిషాల పని గంటన్నర అయింది. కూర్చోవడానికి రెండు సోఫాలు వచ్చాయి. మనుషుల మధ్య ఎంత దగ్గరితనం పెరిగిందో చెప్పలేను.

ఒకనాడు ఒక జంట వచ్చారు. లోపలికి వచ్చేటప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం లేదు. ఆయన కాలువ అన్నాడు. ఆవిడ బొట్టు అంది. ఆయన లోతు తగ్గించమన్నాడు. ఆవిడ పెంచమంది. అరగంట తిరిగేసరికి "మీ నాన్న బుర్ర కూడా ఇంతేగా!" దాకా వచ్చారు. వాళ్ళ మధ్య అన్ని మాటలు నడిచి ఎన్నేళ్ళయిందో! ఇది వరం కాక మరేమిటి?

ఇంకొకాయన పళ్ళ డాక్టరు. తన చిన్న అద్దం జేబులో వేసుకుని మరీ వచ్చాడు. దాన్ని నొక్కులోకి దింపి, ఒక కన్ను మూసి, "ఎడమ గిల్లుడు కుడిదానికంటే వెంట్రుకవాసి లోతుంది, పూడ్చాలి" అన్నాడు. పూడ్చాం. మర్నాడు వచ్చి కుడిది లోతుందన్నాడు. అదీ పూడ్చాం. అలా ఇటూ అటూ పూడ్చుకుంటూ పోయి, చివరికి నొక్కంతా పూడిపోతే, మళ్ళీ మొదటి బొమ్మ నుంచి మొదలుపెట్టాడు. ఆ మనిషికి కాలక్షేపం దొరికిందా లేదా?

ఒక ఇన్సూరెన్సు ఆఫీసరున్నాడు. "చూడగానే పైవాళ్ళకి వినయంగా కనపడాలండీ. కిందివాళ్ళకి భయం వెయ్యాలి. కానీ ఇంటికెళితే మాత్రం పిల్లలు మీదికెక్కి ఆడుకోవాలి" అన్నాడు. అన్నీ ఒక్క నొక్కులోనే! మా మరిది అతన్ని కాసేపు అలా చూసి, "అయ్యా, నేను చేసేది టోపీ. మీరడిగేది బుర్ర" అన్నాడు. కోడలు గబగబా మరిదిని లోపలికి పంపేసి, అతనికి టీ ఇప్పించింది.

అతను నాలుగు సార్లు వచ్చి నాలుగు నొక్కులు మార్పించుకున్నాడు. ఇప్పుడు ఆ టోపీని చూస్తే భయం వెయ్యదు, జాలి వేస్తుంది. వేస్తే వేసింది. అది అతను స్వయంగా ఎంచుకున్న జాలి! ఎవరో తెచ్చి నెత్తిన రుద్దింది కాదు.

ఇక పొద్దుటిపూట పార్కులో నడిచే పెద్దమనుషుల క్లబ్బు సంగతి. ముప్ఫై ఏళ్ళుగా కలిసి నడిచినవాళ్ళు మా ధర్మమా అని రెండు ముక్కలయ్యారు. కాలువవాళ్ళు పార్కు చుట్టూ ఎడమ నుంచి తిరుగుతారు, బొట్టువాళ్ళు కుడి నుంచి. చుట్టుకు రెండుసార్లు ఎదురుపడతారు, రెండుసార్లూ ముఖం తిప్పుకుంటారు. మెడలకు ఎంత మంచి వ్యాయామమో!

ఇంత గొప్ప వరం ఊరందరికీ దక్కుతుంటే నాకు మాత్రం ఆశ పుట్టదా?

పుట్టింది. దుకాణం పెట్టి అరవై ఏళ్ళు నిండాయని, ఇంటిల్లిపాదీ టోపీలు పెట్టుకుని ఫోటో దిగాలనీ, దాన్ని నిలువెత్తు చేయించి వీధివైపు అద్దాల కిటికీలో పెట్టాలనీ పోయిన నెల కోడలు తీర్మానించింది. శుక్రవారం పొద్దున్న ఫోటోగ్రాఫరు వస్తాడంది. "అత్తయ్యా, మీరు కూడా టోపీతోనే!" అంది.

మా ఇంట్లో గోడనిండా ఫోటోలున్నాయి. అన్నింటిలోనూ నేనున్నాను. అన్నింటిలోనూ నా చేతిలో ఎవరిదో ఒక టోపీ ఉంది. రెండు టోపీల్లో ఏది బావుంటుందో తేల్చుకోలేక ఎవరో ఒకరు ఆఖరు నిమిషంలో రెండోదాన్ని నా చేతికిస్తారు. "కాస్త పట్టుకో" అంటారు. పట్టుకుంటాను. క్లిక్‌మంటుంది. యాభై ఎనిమిదేళ్ళు టోపీల ఇంట్లో ఉండి, నా నెత్తిన ఒక్క టోపీ ఎక్కలేదంటే నమ్ముతారా?

నాకెలాంటిది కావాలో నాకు ముందే తెలుసు. గుండ్రంది. ఏ నొక్కూ లేనిది.

నా పని ఏమిటంటే, అచ్చు మీంచి దిగిన టోపీకి బ్రష్షు కొట్టి మరిది చేతికి అందించడం. ఆ ఒక్క నిమిషం అది నా చేతుల్లో వెచ్చగా, నిండుగా, గుండ్రంగా ఉంటుంది. దానికింకా ఎవరి అభిప్రాయమూ తగలలేదు. ఎన్ని వేల టోపీలు అలా అందించానో! ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆ నిమిషాన్ని నెత్తిన పెట్టుకుని ఫోటో దిగాలని నా కోరిక.

కోడలు టాబ్లెట్ నా ముందుకు జరిపింది. ఇరవై ఆరు బొమ్మలూ వరసగా చూశాను.

"ఇవేవీ వద్దమ్మా. ఊరికే గుండ్రంగా ఉండనీ."

ఏ బొమ్మా ముట్టుకోకుండా కింద బటన్ నొక్కితే ఎర్రక్షరాలు వచ్చాయి. "దయచేసి ఏదో ఒక నొక్కు ఎంచుకోండి!"

"ఇదేమిటే, కసురుకుంటోంది?"

"అత్తయ్యా, ఇందులో ఇష్టాలే రాయాలి. వద్దు అన్నది ఇష్టం కిందికి రాదు."

ఎంత లోతైన మాట! కాపురానికొచ్చిన నాటినుంచి నేనెన్నిసార్లు వద్దన్నానో, అవన్నీ ఏమైపోయాయో, ఆ క్షణాన నాకు తెలిసొచ్చింది.

సరే, బొమ్మలతో నాకేం పని అనుకుని, అరలోంచి తేనెరంగు టోపీ ఒకటి, అచ్చు మీంచి దిగినదాన్ని దిగినట్టే తెచ్చుకుని, నా గది బయట మేకుకు తగిలించాను. అది ఆదివారం.

సోమవారం సాయంత్రానికి దాని నడుమ కాలువ!

"ఏవండీ, నా టోపీ నొక్కిందెవరు?"

మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నారు. "ఎవరో మరిచిపోయి వదిలేశారనుకున్నానే. అంత బోసిగా వేలాడుతుంటే చూస్తూ ఎలా పోతాను?"

ఆయన తప్పేముంది? గోడ మీద పటం ఒరిగిపోయి ఉంటే దారినపోయేవాళ్ళం సర్దమూ? కెటిల్ పెట్టి, ఆవిరి పట్టి, లోపల్నుంచి పిడికిలితో పైకి తోసి, మళ్ళీ గుండ్రంగా చేసుకున్నాను.

మంగళవారం బొట్టు నొక్కు పడింది. ఆ పని ఎవరిదో అడగక్కర్లేదు.

"వదినా, చూసుకో ఒకసారి! ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎవరికీ పడలేదు" అన్నాడు మరిది. మనిషి కళ్ళు మెరిసిపోతున్నాయి. నిజంగానే బావుంది. అదే కదా నా ఏడుపు! బాగాలేకపోతే బాగాలేదని చెప్పొచ్చు. బావున్నదాన్ని తీసెయ్యమని ఏ నోటితో చెప్పను? అతను భోజనానికి లేచేదాకా ఆగి, మళ్ళీ కెటిల్ పెట్టాను.

బుధవారం మా అబ్బాయి రెండు పక్కలా గిల్లి, "ఇప్పుడు గాలికి ఎగరదమ్మా" అన్నాడు. ఇంట్లో ఫోటో దిగితే గాలెక్కడిది అని అడగబోయి ఊరుకున్నాను. మధ్యాహ్నం కొరియర్ అమ్మాయి పార్సెల్ ఇచ్చి, నేను సంతకం గీకుతున్నంతసేపూ ఊరికే నిలబడలేక, టోపీ వెనక భాగాన్ని అరచేత్తో అలా లోపలికి తోసింది. "ఇలా ఉంటే స్టైలుగా ఉంటదండీ" అంది. జన్మలో టోపీ పెట్టుకోని మనిషి!

అదీ ఈ వరం గొప్పతనం. చదువు అక్కర్లేదు, అనుభవం అక్కర్లేదు. ఒక చెయ్యి ఖాళీగా ఉంటే చాలు!

గురువారం పొద్దుటికి నాలుగోసారి గుండ్రం చేసి తగిలించానా, మా ఆయనా మరిదీ ఒకేసారి మేకు దగ్గరికి వచ్చారు.

"నా బొట్టు ఏమైంది? అన్నయ్యా, నా పని మీద చెయ్యి పెట్టావా?"

"నీ పనేమిట్రా? అది మీ వదిన టోపీ."

నా గుండె ఉప్పొంగింది. ఇన్నేళ్ళకు ఈయన నోట ఆ మాట విన్నాను కదా అనుకునేలోపే పూర్తి చేశారు. "మీ వదిన టోపీకి ఏ నొక్కు కావాలో నాకు తెలియదా, నీకు తెలుస్తుందా?"

"టోపీ నాది కదండీ, నన్నడగండి" అన్నాను. ఇద్దరూ ఒక్కసారి నా వైపు చూసి, మళ్ళీ టోపీ వైపు తిరిగారు.

"నాలుగేళ్ళుగా నీ చెయ్యి వణుకుతోంది అన్నయ్యా, అది ఒప్పుకోవు."

"వణికే చేత్తో వేసినా నాది నొక్కేరా! నువ్వు వేసిందీ... సొట్ట!"

మరిది ఏప్రన్ విప్పాడు. నాలుగు మడతలు పెట్టాడు. ఆవిరి బల్ల మీద పెట్టాడు.

"రేపు వదిన నెత్తిన నా నొక్కుంటే ఫోటోలోకి వస్తాను. లేదంటే రాను. ఈ బల్ల దగ్గరికి కూడా ఇక రాను."

"నా నొక్కు లేకపోతే నేనూ రాను!" అన్నారు మా ఆయన. ఆయనకు ఎనభై రెండు, మరిదికి డెబ్భై తొమ్మిది. ఎవరికి బుద్ధి చెప్పను?

కోడలు పరిగెత్తుకొచ్చింది. "అత్తయ్యా, ఎవరో ఒకరిది ఒప్పేసుకుందురూ. మీకెలాగూ నొక్కే అక్కర్లేదు కదా, ఏదైతే ఏం?"

లెక్క ఎంత చక్కగా ఉందో చూడండి! ఏమీ వద్దన్నదానికి ఏదైనా పరవాలేదన్నమాట. నాకు తలప్రాణం తోకకొచ్చింది. టోపీ గుండ్రంగా ఉంచుకుంటే మనుషులు ఫోటోలో ఉండరు. మనుషుల్ని ఉంచుకుంటే టోపీ గుండ్రంగా ఉండదు. మరిది లేని ఆవిరి బల్లను ఎలా ఊహించుకోను? మా ఆయన లేని ఫోటో నేనెలా దిగేది?

సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళి చెవిలో "మీదేనండీ" అన్నాను. వెనక గదిలోకి వెళ్ళి మరిదితో "నీదేనయ్యా" అన్నాను. యాభై ఎనిమిదేళ్ళలో నేను సొంతంగా ఇద్దరికి టోపీ పెట్టింది ఆ ఒక్కరోజే.

శుక్రవారం ఫోటోగ్రాఫరు స్టాండు నిలబెట్టి, దీపాలు వెలిగించి, అందర్నీ వరసలో పెట్టాడు. మా ఆయన మీసం దువ్వుకుని ఎడమ పక్క నిలబడ్డారు. మరిది కొత్త చొక్కా వేసుకుని కుడి పక్క నిలబడ్డాడు. ఇద్దరి ముఖాల్లోనూ గెలిచినవాళ్ళ నవ్వు! మధ్యలో నాకో కుర్చీ. నేను మధ్య గదిలో టోపీకి ఆఖరిసారి ఆవిరి పట్టి, ఉన్న ముడతలన్నీ తోసేసి, ఆరేదాకా ఆగకుండా, వెచ్చవెచ్చగా నెత్తిన పెట్టుకుని, చరచరా వచ్చి కూర్చున్నాను. గుండ్రంగా!

"ఏమేవ్! ఇదేమిటి?" ఎడమ పక్కనుంచి ఒక చెయ్యి లేచింది.

"వదినా!" కుడి పక్కనుంచి ఇంకో చెయ్యి.

"మామ్మగారూ, పైన ఏదో వెలితిగా ఉందండీ, ఒక్క సెకను" అంటూ ఎదురుగా ఫోటోగ్రాఫరు చెయ్యి!

నేను అరచెయ్యి నెత్తిన వేసి గట్టిగా అదిమిపట్టి, కళ్ళు మూసుకుని, "ఎవరైనా ముట్టుకున్నారో!" అని అరిచాను. భయానికి ఫోటోగ్రాఫరు రెండో చేతిలో ఉన్న రిమోటు నొక్కుకుపోయింది. క్లిక్!

చెయ్యి తీసి, టోపీ దింపి చూసుకుందును కదా, అరచెయ్యీ ఐదు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు దిగిపోయి ఉన్నాయి. వెచ్చటి ఫెల్టు మరి! దాని స్వభావం దానిది. ఎవరూ నొక్కకుండా కాపాడబోయి నేనే నొక్కేశాను.

అన్నదమ్ములిద్దరూ దగ్గరికొచ్చి వంగి చూశారు. ఇక సొట్ట అన్న ఆ మాట అంటారని నేను కళ్ళు చిన్నవి చేసుకుని ఎదురుచూస్తున్నాను.

"ఒరే, బొటనవేలి దగ్గర ఆ మలుపు చూశావా?" అన్నారు మా ఆయన.

"చూశానన్నయ్యా. కావాలని వేస్తే రాదది."

"నొక్కేనంటావా?"

"నొక్కే!"

ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకుని టీ తాగడానికి లోపలికి పోయారు. దారిలోనే మరిది ఏప్రన్ తీసి కట్టుకున్నాడు. ఇల్లు నిలబడింది. నేను టోపీ చేత్తో పట్టుకుని కుర్చీలో మిగిలాను.

ఆ ఫోటోనే ఇప్పుడు కిటికీలో ఉంది. అందరూ ఒక ముసలావిడ మీదికి చేతులు చాపి ఉంటారు, ఆవిడ తలనొప్పి వచ్చినట్టు తల పట్టుకుని ఉంటుంది. దాన్ని చూసి జనం లోపలికి వస్తున్నారు. "కిటికీలో పెద్దావిడది ఏ నొక్కండీ? మాకూ అదే కావాలి!" కోడలు నా చెయ్యి కొలత తీయించి, ఇరవై ఏడో బొమ్మ చేర్చింది. పేరు మామ్మ నొక్కు. ఇన్సూరెన్సు ఆఫీసరు మొదటివాడుగా వచ్చి వేయించుకున్నాడు. ఎప్పుడూ తలపోటుతో ఉన్నట్టు కనిపిస్తున్నాడట, పైవాళ్ళు దాన్ని వినయం అనుకుంటున్నారట!

నన్ను మెచ్చుకోనివాళ్ళు లేరు. "వద్దు వద్దంటూనే ఎంత బాగా ఎంచుకున్నారండీ!" అంటున్నారు.

కాబట్టి నా మాట నమ్మండి. ఇష్టాలు అన్నవి గొప్ప వరం. మనిషి తన నెత్తికి సరిపడా ఒక్కటే ఇష్టం పెట్టుకుని ఊరుకుంటే లోకం ఎంత చప్పగా ఉండేది! ప్రతి మనిషి దగ్గరా ఊరందరి నెత్తులకూ సరిపడా ఉన్నాయి కనుకనే ఎవరి తలా ఒంటరిగా లేదు.

నిన్న ఒక నర్సమ్మ వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కాళ్ళు ఈడ్చుకుంటోంది. ఇరవై ఏడు బొమ్మలూ తోసి తోసి, చుట్టూ చూసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మామ్మగారూ, ఏ నొక్కూ లేకుండా ఊరికే గుండ్రంగా ఇస్తారా?"

"ఎందుకమ్మా?" అన్నాను.

"పొద్దుటినుంచీ ప్రతివాళ్ళూ ఏదో ఒకటి చెబుతూనే ఉంటారండీ. నెత్తి మీదైనా కాస్త ఖాళీ ఉండనీ అని."

నా తల్లే! టాబ్లెట్‌ను గోడవైపు తిప్పేశాను. మరిదిని బయటికి రావద్దని కేకేశాను. మా ఆయన్ని పేపరుతో సహా వెనక గదిలోకి పంపాను. అచ్చు మీంచి అప్పుడే దిగిన బూడిదరంగు టోపీకి బ్రష్షు కొట్టి, నా చేతులతో నేనే తెచ్చి ఇచ్చాను. నర్సమ్మ అద్దం ముందు నిలబడి పెట్టుకుంది. నిండుగా, గుండ్రంగా, కళ్ళు చల్లబడేలా ఉంది. ఇన్నేళ్ళూ నేను నా నెత్తిన చూసుకోవాలనుకున్నది అదే!

ఒక అడుగు వెనక్కి వేసి చూశాను. కొంచెం పక్కకు జరిగి చూశాను. పిల్లది కోలముఖం. అంతా బాగానే ఉంది. బాగానే ఉంది గానీ, ఎడమ పక్కన, కణతకు కాస్త పైన, ఎక్కువొద్దు, ఒక్క వేలు, ఒకే ఒక్క వేలు అలా ఆనించి వదిలితే...

నర్సమ్మ రెండు చేతులతో టోపీని గట్టిగా పట్టుకుని, అద్దంలోంచి నన్నే చూస్తూ అంది.

"మామ్మగారూ, మీ చెయ్యి!"